శవాలు లేచినా కామెరా ఆగలేదు

చచ్చినవాళ్ళు లేచివచ్చి మనుషులను కరిచే సినిమాలను గురించి కుటుంబ పత్రికలో వ్రాయడమేమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చును. చిట్లించనివ్వండి. ఆ పెద్దల ఇండ్లలోనే మనుమలు తలుపులు వేసుకొని ఇటువంటి సినిమాలు చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నదేమిటో, అందులో సరుకున్నది ఏదో, వట్టి గోల ఏదో పెద్దలకు కూడ కొంత తెలిసి ఉండడం ఇంటికి మేలని ఈ వ్యాసం తలపెట్టినాము. పైగా ఈ జాతి సినిమాలలో జపాను దేశపుది ఒకటి ఉన్నది. దానిని మనుమడి పక్కన తాతగారు కూడ కూర్చుండి చూడవచ్చును. కడపట కండ్లు తుడుచుకొనేది తాతగారే అయినా మేము ఆశ్చర్యపడము. అయితే జపాను దాకా పోయేముందు మన ముంగిలిలో ఏమున్నదో చూచుకొని పోదాము.

ఈ నడిచే శవానికి ఇంగ్లీషువాళ్ళ పేరు జాంబీ. మాట హైతీ దీవిది. ఆఫ్రికానుంచి పట్టి తెచ్చి చెరకుతోటలలో వెట్టి చేయించిన బానిసల వెంట వచ్చిన నమ్మకమది. చచ్చినా విడుదల లేదు, మాంత్రికుడు లేపి మళ్ళీ పొలంలో పనికి తోలుతాడన్నది వాళ్ళ భయం. అంటే అసలు జాంబీ ఎవరినీ కరవదు. పాపం, అది చాకిరి చేస్తుంది. గుంపులు గుంపులుగా వచ్చి ఇల్లు ముట్టడించడం, నరమాంసం తినడం, ఇవన్నీ 1968లో అమెరికాలో జార్జి రొమేరో అనే ఆయన పిట్స్‌బర్గు దాపున స్నేహితులను కూడగట్టుకొని తక్కువ సొమ్ముతో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అనే చిత్రంతో దానికి అబ్బిన గుణాలు.

మనకు మాత్రం శవం కొత్తదా? విక్రమార్కుడి భుజంమీద ఎక్కిన బేతాళుణ్ణి ఎరుగని తెలుగిల్లు ఉన్నదా? 1947 జూలైలో పుట్టిన 'చందమామ' ఆగిపోయేదాకా ఎన్ని తరాల పిల్లలు, తెలుగులో కొందరు, 'అంబులిమామా' అని అరవంలో కొందరు, ఆ శవం చెప్పే కథలు వింటూ అన్నం తినలేదు! మన శవం కథ చెప్పి, కడపట చిక్కుప్రశ్న వేసి, జవాబు రాగానే ఎగిరిపోయి చెట్టెక్కుతుంది. పడమటివాళ్ళ శవం మాట్లాడదు, కరుస్తుంది. రెండింటిలో ఏది పెద్దమనిషి తరహాయో చదువరులే తేల్చుకోవచ్చును.

ఇందులో మరొక చిక్కు కూడ ఉన్నది. శవం లేవాలంటే ముందు శవమంటూ మిగిలి ఉండాలి కదా! జపానులో నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా దహనమే. మనదేశంలోను చాలా ఇండ్లలో దహనమే. గోరీ పగిలి చెయ్యి బయటికి వచ్చే వీలు లేని దేశాలలో కథ వ్రాసేవాళ్ళు వేరే దారి వెదుక్కోవలసి వచ్చింది. అందుకని ఒకచోట మత్తుమందు, ఒకచోట కారిపోయిన రసాయనం, ఒకచోట కరోనాకు కనిపెట్టబోయిన మందు, జపాను కథలో నీళ్ళు శుద్ధిచేసే పాడుబడ్డ కర్మాగారంలో పూర్వం మిలిటరీవాళ్ళు చేసినారని చెప్పుకొనే ప్రయోగాలు. దయ్యాల పనిని సైన్సు చేతికి అప్పగించినారన్నమాట.

రసాయనం కారినది మన పొరుగు ఊటీలోనే. 2016 ఫిబ్రవరిలో వచ్చిన 'మిరుతన్' అరవ చిత్రం. అరవంలో మొట్టమొదటి జాంబీ చిత్రమని పేరు పెట్టుకొని వచ్చింది. మన చెవికి ఆ పేరు 'మృతుడు' అన్నట్టే వినబడుతుంది. దర్శకుడు శక్తి సౌందర్ రాజన్. జయం రవి ఊటీలో ట్రాఫిక్ పోలీసుగా వేసినాడు. తెలుగులో 'యమపాశం' అనే పేరుతో వచ్చినది కూడ ఇదే. కథలో డాక్టర్లను వెంటబెట్టుకొని కొండ దిగి కోయంబత్తూరు చేరాలి. ఊటీనుంచి కోయంబత్తూరుకు దిగేవాళ్ళు మేట్టుపాళయం మీదుగా మన కారమడై దాటకుండా ఎలా పోతారు? కాబట్టి కథాప్రకారం ఆ గుంపు మన గుమ్మాల ముందునుంచి పోవలసినదే! ఆ చిత్రంలో జాంబీలకు నీళ్ళంటే భయం. అలాగయితే మాసి మాసంలో రంగనాథస్వామి తేరునాళ్ళలో తణ్ణీర్ సేవ జరిగే మన వీధులలోకి అవి తొంగిచూడవని ధైర్యంగా ఉండవచ్చును. హాస్యానికి అన్నాము గాని, ఆ చిత్రంలో హాస్యం తక్కువ. ప్రేమా కన్నీరూ తుపాకులూ ఎక్కువ. దానిని వదలి ముందుకు పోదాము.

నవ్వించే జాంబీ చిత్రం హిందీలో 2013 మే నెలలో వచ్చిన 'గో గోవా గాన్'. తీసినవాళ్ళు మాత్రం మనవాళ్ళే. రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. అనే ఈ జంట చిత్తూరు సీమవాళ్ళు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలలో చదివి అమెరికా పోయి, కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తూ సినిమా నేర్చుకొన్నవాళ్ళు. కొత్త మత్తుమందు మింగి విందు చేసుకొన్న గుంపంతా తెల్లవారేసరికి జాంబీలవుతారు. పనీపాటా లేని ముగ్గురు కుర్రవాళ్ళు వాళ్ళ నడుమ చిక్కుకుంటారు. చురుకైన చిత్రమే. కాని భాష మోటు. పిల్లలను పక్కన పెట్టుకొని చూడవలసినది కాదు.

తెలుగుగడ్డ మీద తెలుగులో తీసినది 'జాంబీ రెడ్డి'. 2021 ఫిబ్రవరి 5న విడుదలయింది. దర్శకుడు ప్రశాంత్ వర్మ. అంతకు ముందు 'అ!', 'కల్కి' తీసినవాడు, తరువాత 2024లో 'హనుమాన్'తో దేశమంతా పేరు తెచ్చుకొన్నవాడు. కథ చిన్నది. మారియో అనే కుర్రవాడు హైదరాబాదులో కంప్యూటర్ ఆటలు తయారుచేస్తాడు. ఆటలో ఒక లోపం తేలుతుంది. దానిని సరిచేయగల స్నేహితుడు పెండ్లికొడుకై కర్నూలు సీమలో రుద్రవరమనే ఊరికి పోయి ఉన్నాడు. సరే, పెండ్లికి పోయినట్టూ ఉంటుంది, పనీ అవుతుందని వీళ్ళు బయలుదేరుతారు. పెండ్లికూతురిది ముఠాకక్షల ఇల్లు. ఊరిలో రెండు వర్గాలు కత్తులు నూరుకుంటూ ఉంటాయి. ఆ నడుమకు కరోనా మందు వికటించి పుట్టిన జాంబీలు వచ్చి పడతాయి.

ఇక్కడ కొంచెం ఆగవలసి ఉన్నది. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది మొదలు, 'నరసింహనాయుడు', 'ఇంద్ర', 'ఆది' అంటూ ఏండ్ల తరబడి తెలుగు సినిమాకు రాయలసీమ అంటే కొడవలి, నాటుబాంబు, గాలిలో ఎగిరే కార్లు, తొడగొట్టే పెద్దమనుషులు. విజయనగర రాజుల నాడో, ఆ తరువాత నాయకరాజుల నాడో ఇటు దిగినవాళ్ళమని చెప్పుకొనే మన కుటుంబాలలో ఎంతమంది పిల్లలు కర్నూలో కడపో కండ్లారా చూచినారు? వాళ్ళకు తెలుగుదేశమంటే తెరమీద చూచినదే. అక్కడ పెండ్లికి పోతే నరుకుతారా అని అడిగే పిల్లలను మేము ఎరుగుదుము. ఆ సీమలో కక్షలకు నిజంగా ప్రాణాలు పోయినాయి, ఇండ్లు పాడుబడినాయి, ఆడవాళ్ళు పసుపు కుంకుమలు పోగొట్టుకొన్నారు. సినిమా దానిని కొన్నాళ్ళు శౌర్యమని చూపి డబ్బు చేసుకొన్నది. ఆ ముద్ర మాత్రం వందలమైళ్ళ దూరాన ఉన్న మన పిల్లల తలలలో కూడ పడింది.

'జాంబీ రెడ్డి' చేసిన మంచిపని ఆ ముద్రను ఎగతాళి చేయడం. పగ అనేదానికి ఒక మూలసూత్రం ఉన్నది. నరికితే ఎదుటివాడు చావాలి. చచ్చినవాడు మళ్ళీ లేచి నడిచివస్తూ ఉంటే ఇక పగకు అర్థమేమున్నది? మూడు తరాలుగా నూరిన కత్తి ఒక్కసారి వంకాయ కోయడానికి కూడ పనికిరాకుండా పోయింది! మా మటుకు మాకు చిత్రమంతటికీ ప్రాణం ఈ ఒక్క ఊహలోనే కనబడింది. ఇంకొక ముచ్చట. ఇందులో కథానాయకుడు తేజ సజ్జా 2002లో 'ఇంద్ర'లో పసివాడైన ఇంద్రసేనారెడ్డిగా కనిపించిన పిల్లవాడే. కక్షల సినిమాలు పెంచిన పిల్లవాడే పెద్దవాడై కక్షల సినిమాను ఆటపట్టించడం కాలమహిమ గాక ఏమిటి!

పేరు ప్రకటించినప్పుడే గొడవ లేచింది. కులం పేరుతో పరాచికమేమిటని కొందరు అన్నారు. ఎవరినీ కించపరచడం మా ఉద్దేశం కాదని దర్శకుడు చెప్పుకోవలసి వచ్చింది. సినిమా చూచినవాళ్ళకు ఆ అనుమానం నిలవదు. సీమ యాసకూడ మన ఇండ్లలో ముసలమ్మల పలుకుబడికి మరీ దూరమేమీ కాదు గనుక వినడానికి ఇంపుగానే ఉంటుంది. లోపాలు లేకపోలేదు. నెత్తురు ధారాళంగా పారింది. కుర్రకారు చతుర్లు కొన్ని నాసిరకం. అన్నిటికంటె పెద్ద లోపం, నవ్వుతూ నవ్వుతూ వచ్చిన కథకు కడపట మామూలు తెలుగు సినిమా మాదిరిగా వీరుడొకడు కావలసి వచ్చినాడు. వీరుడు వచ్చినచోట నవ్వు లేచి పోతుంది.

మరొక సంగతి మరచిపోరాదు. ఈ చిత్రం వచ్చిననాటికి లాక్‌డౌను సడలి టాకీసులు మళ్ళీ కళకళలాడుతున్నవి. కరోనా పేరు చెప్పి జనం హాయిగా నవ్వినారు. మూడు నెలలు తిరగకుండానే ఏప్రిల్, మే నెలలలో రెండవ ఉధృతి వచ్చి, ఆసుపత్రిలో పడక లేక, ప్రాణవాయువు దొరకక, ఆఖరి చూపుకు కూడ నోచుకోక ఎందరు పోయినారో మనకు తెలుసు. ఆ తరువాత ఆ నవ్వును తలచుకొంటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. తప్పు సినిమాది కాదు. చావును చూచి నవ్వడం ఎప్పుడూ కత్తిమీద సామే.

ఇప్పుడు జపానుకు పోదాము. వీరుడు లేడు, మందు లేదు, పగ లేదు. అయినా ఇంతకంటె బాగా నవ్వించి, నవ్వు చెడకుండా కాపాడుకొన్న చిత్రమది. జపాను భాషలో పేరుకు 'కామెరా ఆపవద్దు!' అని అర్థం. బయటి దేశాలలో 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' అంటారు. దర్శకుడు 1984లో పుట్టిన ఉయెదా షినిచిరో. టోకియోలో ఎన్బు సెమినార్ అనే నటనా సినిమా శిక్షణాలయం ఉన్నది. అక్కడి తరగతులకు వచ్చినవాళ్ళతో, బయట ఒక్కరికీ మొగం తెలియని నటులతో తీసినాడు. ఖర్చు 30 లక్షల యెన్లు. ఆనాటి మారకంలో మన రూపాయలు 17, 18 లక్షలు. కోయంబత్తూరులో ఓ మాదిరి మండపంలో పెండ్లికి అంతకంటె ఎక్కువ అవుతుంది. 2017 నవంబరులో టోకియోలో చిన్న టాకీసులో ఆరు రోజులు ఆడింది. 2018 జూనులో రెండే రెండు టాకీసులలో మళ్ళీ వేసినారు. చూచినవాళ్ళు తమవాళ్ళను తీసుకొని రెండోసారి వచ్చినారు. వాళ్ళు ఇంకొందరిని తెచ్చినారు. అలా నోటి మాటమీదనే వందల టాకీసులకు ప్రాకి 300 కోట్ల యెన్లకు మించి వసూలు చేసింది. పెట్టుబడికి వెయ్యి రెట్లు!

చిత్రం మొదటి 37 నిమిషాలు ఒకే దెబ్బలో, కామెరా ఎక్కడా ఆపకుండా తీసినది. పాడుబడ్డ కర్మాగారంలో కొందరు జాంబీ సినిమా తీస్తూ ఉంటే నిజం జాంబీలు వచ్చి పడతాయి. దర్శకుడు మాత్రం పిచ్చెత్తినట్టు, తీయండి తీయండి అని అరుస్తాడు. చూడడానికి ఇది చాలా నాసిగా ఉంటుంది. మనుషులు ఉన్నట్టుండి మాట మరచి ఒకరి మొగం ఒకరు చూచుకుంటారు. ప్రాణాలమీదికి వచ్చిన వేళ తీరికగా కాలక్షేపం కబుర్లు చెప్పుకుంటారు. ఒకడు ఏదో గొణిగి బయటికి పోతాడు. కామెరా కాసేపు నేలమీద పడి ఉంటుంది. ఒకమ్మాయి అరచిన అరుపే అరుస్తుంది. పేర్లు కూడ పడతాయి. ఇదేమి సినిమా, ఇంతేనా, అని లేచిపోవాలనిపిస్తుంది. లేవవద్దు. మా మనవి అదొక్కటే.

కథ తెలియకుండా చూడదలచినవాళ్ళు ఇక్కడినుంచి రెండు పేరాలు వదలి ఆపై చదువుకోవచ్చును. మిగిలినవాళ్ళకు చెబుతాము. పేర్లు పడిన తరువాత కథ ఒక నెల వెనక్కు పోతుంది. ఆ పిచ్చి దర్శకుడు నిజానికి హిగురాషి అనే అతి సాధువైన గృహస్థుడు. 'త్వరగా, చవకగా, ఓ మాదిరిగా' తీసిపెడతానని చెప్పుకొని బ్రతికే చిన్న దర్శకుడు. భార్య ఒకప్పటి నటి. వేషం వేస్తే ఒళ్ళు మరచిపోతుంది, అందుకనే మానుకొన్నది. కూతురు కూడ సినిమా పనిలోనే ఉన్నది. రాజీ అనే మాట ఎరగదు, తండ్రి రాజీపడడం చూచి ఆమెకు చిన్నతనంగా ఉంటుంది. కొత్త టెలివిజను సంస్థ ఒకటి వచ్చి, అరగంట జాంబీ నాటకం, ఒకే షాటు, అదీ దేశమంతటికీ అప్పటికప్పుడు ప్రసారం కావాలంటుంది. ఎవరూ ఒప్పుకోని పని ఈయన నెత్తిన పడింది. తీరా ఆనాటికి ముఖ్య పాత్రధారులు ఇద్దరు దారిలో కారు ప్రమాదంలో చిక్కుకొని రారు. దర్శకుడి వేషం దర్శకుడే, ఇంకో వేషం ఆయన భార్యే కట్టవలసి వస్తుంది. ఒక నటుడు తాగి ఒరిగిపోయినాడు. ఒకడికి నీళ్ళు పడక కడుపు చెడింది. అప్పుడు మనకు తెలుస్తుంది: మొదట మనం నాసి అనుకొన్న ప్రతి తప్పు వెనుకా ఎవరో ఒకరు ప్రాణం ఒడ్డి ఆటను నిలబెడుతున్నారు. ఆ మాట మరచిపోవడం, ఆ కాలక్షేపం కబుర్లు, ఆ అరచిన అరుపే అరవడం, అన్నిటికీ కామెరా వెనుక కారణం ఉన్నది. కడుపు పట్టుకొని నవ్వుతాము. ఎవరినీ చిన్నబుచ్చే నవ్వు కాదది.

ఆఖరి దృశ్యం పైనుంచి, ఎత్తునుంచి తీయాలి. అందుకు తెచ్చిన క్రేను విరిగిపోయింది. ఆ దృశ్యం మానేద్దామంటారు. తండ్రి ఒప్పుకొంటాడుగాని, ఆ రాజీ ఆయనకే మింగుడు పడదు. కూతురికి తండ్రి పుస్తకంలో ఒక పాత ఫోటో కనబడుతుంది. చిన్ననాడు తాను ఆయన భుజాలమీద కూర్చున్న ఫోటో. అంతే. నెత్తురు రంగు పూసుకొన్న జాంబీలూ, లైటు పట్టేవాళ్ళూ, తాగినవాడూ, కడుపునొప్పివాడూ, అందరూ గోకులాష్టమికి ఉట్టి కొట్టేవాళ్ళ మాదిరి ఒకరిమీద ఒకరు ఎక్కి నిలుస్తారు. కొసకు తండ్రి భుజాలమీద కూతురు, ఆమె చేతిలో కామెరా.

ఈ కథకు ప్రేరణ ఒక రంగస్థల నాటకమని తెలిసినప్పుడు మాకు ఏమాత్రం వింత అనిపించలేదు. అలా ఆట నిలబెట్టడం మనకు తెలియని విద్య కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పెండ్లి సందర్భంగా 'కీచకవధ' ఆడినవాళ్ళ సంతతి, వనారస గోవిందరావుగారి కుటుంబాలు, నాటినుంచి తరతరాలుగా అదే బ్రతుకు బ్రతికినారు. తండ్రి మేకప్పు వేసుకొంటూ ఉంటే తల్లి హార్మోనియం దగ్గర, పిల్లవాడు తెర తాడు దగ్గర. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరికి ఆ వేషం కంఠస్థమే. 'మాయాబజారు'లో ఘటోత్కచుడు గాలిలో పోతూ ఉంటే ముందు కూర్చున్నవాళ్ళు నోరు తెరచుకొని చూస్తారు. పక్కతెర వెనుక తీగ లాగుతున్నవాడి అరచేతులు కోసుకొనిపోయినా వాళ్ళకు తెలియదు. తెలియరాదు కూడ. జపానువాడు ఆ తెరను ఒక్కసారి తిప్పి చూపినాడు, అంతే తేడా. మన సంఘాలలో ఉగాదికి పిల్లలచేత నాటిక వేయించినవాళ్ళెవరైనా ఈ సినిమా చూస్తే తమ సంగతే అనుకుంటారు. కృష్ణుడికి కిరీటం సరిపోక పిన్నీసులు గుచ్చినవాళ్ళకూ, మాట మరచిన పిల్లవాడికి స్తంభం చాటునుంచి అందించినవాళ్ళకూ ఇంకా బాగా అర్థమవుతుంది.

దీనినే ఫ్రెంచివాళ్ళు 2022లో మళ్ళీ తీసి కాన్ చిత్రోత్సవానికి ప్రారంభ చిత్రంగా వేసినారు. దర్శకుడు మిషెల్ హజనవీసియస్, పేరున్నవాడు. పేరున్న నటులు, ధారాళంగా సొమ్ము. బాగానే ఉన్నది. కాని డబ్బున్నవాడు క్రేను విరిగిందంటే మనకు నమ్మకం కుదరదు.

కరోనా మొదటి లాక్‌డౌనులో, 2020 మే నెలలో, ఉయెదా అదే నటులచేత ఎవరి ఇంట్లో వాళ్ళుండగానే ఇదే కుటుంబం కథ కొనసాగింపుగా చిన్న చిత్రమొకటి తీయించి కంప్యూటరులో ఉచితంగా చూపినాడు. అందులోను కామెరా ఆగలేదు.

చిత్రం నిడివి ఒక గంట ముప్పైయారు నిమిషాలు. మాటలు జపానువి, క్రింద ఇంగ్లీషులో అక్షరాలు పడతాయి. చదవలేని పెద్దలు ఉంటే పిల్లలలో ఒకరు పక్కన కూర్చుండి తెలుగులో చెప్పుతూ పోవాలి. పిల్లల తెలుగుకు అదీ ఒక కసరత్తు. తొలి అరగంటలో నెత్తురు కనబడుతుంది, రంగునీళ్ళేనని ముందే చెప్పి ఉంచండి. పన్నెండేండ్లకు తక్కువ పిల్లలను నిద్రపుచ్చిన తరువాతనే మొదలుపెట్టడం మంచిది. ఇరవై నిమిషాలకు ఇంట్లో ఎవరో ఒకరు ఇదేమి చెత్త అని తప్పకుండా లేస్తారు. కాఫీ అప్పటికే కలిపి సిద్ధంగా ఉంచుకొని, లోటా చేతికిచ్చి మళ్ళీ కూర్చోబెట్టండి.